రాగి తీగ ఇక్కడిదే.. రాగి ఎక్కడిది?

క్లుప్తంగా: భారత్‌లో రాగి తీగ లాగే ఫ్యాక్టరీలకు కొదవ లేదు. వాటికి కావాల్సిన రాగే లేదు. 2018లో తమిళనాడులోని తూత్తుకుడి రాగి ప్లాంటు మూతపడ్డాక, శుద్ధి చేసిన రాగిని అమ్మే దేశం కాస్తా కొనే దేశమైంది. రాగిని ఖనిజంగా తెచ్చుకోవాలా, శుద్ధి చేసిన పలకగానా (కాథోడ్), రాడ్డుగానా, లేక పాత రాగిగానా అన్న గొడవ అప్పటి నుంచి నడుస్తూనే ఉంది. ఒకరికి రక్షణగా వేసిన సుంకం ఇంకొకరికి ఖర్చవుతోంది. చివరకు ఆ ఖర్చు వైరింగ్ బిల్లులోనూ, మోటారు వైండింగ్ బిల్లులోనూ తేలుతోంది.

ఒక్క కాయిల్ లెక్క

ఇళ్లలో ప్లగ్ పాయింట్లకు, గీజర్లకు ఎక్కువగా వాడేది రెండున్నర స్క్వేర్ ఎంఎం వైరు. మామూలు కాయిల్ పొడవు 90 మీటర్లు. అందులో రాగి ఎంతుందో తెలుసుకోవడానికి కంపెనీని అడగక్కర్లేదు. తీగ అడ్డుకోత వైశాల్యాన్ని, పొడవును, రాగి సాంద్రతను గుణిస్తే దాదాపు 2 కిలోలని తేలుతుంది. పైనున్న పీవీసీ తొడుగు, తయారీ ఖర్చు, కంపెనీ లాభం, డీలరు కమీషన్ అన్నీ కలిసినా బిల్లులో పెద్ద వాటా ఆ రెండు కిలోల రాగిదే.

2025 జనవరిలో లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో టన్ను రాగి 9 వేల డాలర్ల దగ్గర ఉంది. డాలరు 86 రూపాయల దగ్గర ఉంది. అంటే కిలో సుమారు 775 రూపాయలు. 2026 జనవరికి టన్ను ధర 13 వేల డాలర్లు దాటింది, డాలరు 90 దాటింది. కిలో 1,170 రూపాయలకు చేరింది. ఒక్క కాయిల్‌కే దాదాపు 800 రూపాయల తేడా వచ్చింది. సుంకం, 18 శాతం జీఎస్టీ దీనికి అదనం. ఎలక్ట్రీషియన్ ఏడాది కిందట రాసిచ్చిన లిస్టునే పట్టుకెళ్లినా షాపులో బిల్లు మారిపోవడానికి కారణం ఇదే. ఇందులో షాపువాడి చేతివాటం చాలా తక్కువ.

రాగి ఈ దేశంలోనే శుద్ధి అయినా దాని ధర మాత్రం ఇక్కడ తేలదు. బయటి నుంచి తెప్పించుకుంటే ఎంత పడుతుందో, దేశీయ కంపెనీ ధర కూడా దాదాపు అంతే ఉంటుంది. లండన్ ధర, దాని మీద ప్రీమియం, ఓడ కిరాయి, సుంకం, డాలరు విలువ.. అన్నీ కలిపి లెక్క కడతారు. కాబట్టి దిగుమతి సుంకం పెంచితే దిగుమతయ్యే రాగి ఒక్కటే కాదు, గుజరాత్‌లో తయారైన రాగి కూడా ఖరీదవుతుంది. సుంకాల మీద ఇంత పోట్లాట ఎందుకో అర్థం కావాలంటే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కస్టమ్స్ లెక్కల్లో తీగ అంటే

దిగుమతి గణాంకాల్లో 'రాగి తీగ' అన్న పద్దు చూసి, బయటి దేశాల నుంచి ఇళ్ల వైర్లు వచ్చి పడుతున్నాయని చాలామంది అనుకుంటారు. ఇన్సులేషన్ తొడిగిన వైర్లు, కేబుళ్ల పద్దు వేరే ఉంది. దాని సంఖ్య 8544. రాగి తీగ పద్దు 7408. అందులో 6 మిల్లీమీటర్ల కంటే మందంగా ఉన్న రకంలోకి 8 మిల్లీమీటర్ల రాడ్డు వస్తుంది. కాథోడ్ పలకలను కరిగించి, ఆపకుండా పోతపోసి, పెద్ద పెద్ద చుట్టలుగా చుట్టే ముడిసరుకు ఇది. పరిశ్రమలో దీన్ని సీసీ రాడ్ అంటారు.

తీగ లాగే ఫ్యాక్టరీ ఈ రాడ్డుతోనే పని మొదలుపెడుతుంది. రాడ్డును ఒకదాని తర్వాత ఒకటిగా డైల (సన్నని రంధ్రాలున్న అచ్చుల) గుండా లాగుతూ సన్నగా చేస్తారు. రెండున్నర స్క్వేర్ ఎంఎం వైరులో సాధారణంగా 0.3 మిల్లీమీటర్ల పోగులు 36 ఉంటాయి. మీటరు రాడ్డును లాగితే అలాంటి పోగు 700 మీటర్లకు పైగా వస్తుంది. 36 పోగులూ కలిపి పేనితే 20 మీటర్ల వైరు అవుతుంది. అంటే 90 మీటర్ల కాయిల్ వెనుక ఉన్నది నాలుగున్నర మీటర్ల రాడ్డు. ఈ పని చేసే యూనిట్లు దేశంలో పెద్దవీ చిన్నవీ లెక్కలేనన్ని ఉన్నాయి. యంత్రాలు, పనివాళ్లు, ఐఎస్ఐ ముద్ర అన్నీ ఇక్కడే దొరుకుతాయి. చిక్కంతా ఆ రాడ్డు దగ్గర, దానికి వెనకున్న దశల దగ్గర.

వెనక్కి వెళ్తే గని ఉంటుంది. తవ్విన రాయిలో రాగి సాధారణంగా ఒక శాతం అటూ ఇటూ. దాన్ని పొడి కొట్టి, నీటిలో తేల్చి, 25 నుంచి 30 శాతం రాగి ఉండే కాన్సన్‌ట్రేట్‌గా మారుస్తారు. స్మెల్టర్‌లో కరిగిస్తే బ్లిస్టర్ అనే ముడిరాగి వస్తుంది. దాన్ని విద్యుత్తుతో శుద్ధి చేస్తే 99.99 శాతం స్వచ్ఛత ఉన్న కాథోడ్ పలక తయారవుతుంది. కాథోడ్ నుంచి రాడ్డు, రాడ్డు నుంచి తీగ. భారత్ వీటిలో ప్రతి దశలోనూ ఎంతో కొంత దిగుమతి చేసుకుంటోంది.

తూత్తుకుడికి ముందు, తర్వాత

2017-18లో దేశం 8 లక్షల టన్నులకు పైగా కాథోడ్లు తయారుచేసింది. అవసరాలకు పోను మిగిలినవి ఎక్కువగా చైనాకు వెళ్లేవి. మొత్తం ఉత్పత్తిలో దాదాపు 40 శాతం తమిళనాడులోని తూత్తుకుడిలో ఉన్న వేదాంత వారి స్టెరిలైట్ ప్లాంటుది. దాని సామర్థ్యం ఏటా 4 లక్షల టన్నులు. కాలుష్యంపై ఏళ్ల తరబడి సాగిన ఆందోళన 2018 మే 22న పోలీసు కాల్పులకు దారితీసింది. 13 మంది చనిపోయారు. మే 28న రాష్ట్ర ప్రభుత్వం ప్లాంటును శాశ్వతంగా మూసేయాలని ఆదేశించింది. తెరిపించుకోవడానికి కంపెనీ చేసిన ప్రయత్నాలు కోర్టుల్లో నిలవలేదు. 2024 ఫిబ్రవరి 29న సుప్రీంకోర్టు కూడా దాని పిటిషన్‌ను కొట్టేసింది.

దాదాపు రెండు దశాబ్దాలు శుద్ధ రాగిని నికరంగా ఎగుమతి చేసిన దేశం, 2018-19లో నికరంగా దిగుమతి చేసుకునే దేశమైంది. దేశీయ ఉత్పత్తి 2024-25లోనూ 5 నుంచి 6 లక్షల టన్నుల మధ్యే ఉంది. అందులో సింహభాగం గుజరాత్‌లోని దహేజ్‌లో ఉన్న హిందాల్కో వారి బిర్లా కాపర్‌ది. గిరాకీ మాత్రం ఆగలేదు. పరిశ్రమ లెక్కల ప్రకారం పాత రాగితో కలిపి 2024-25లో దేశం వాడిన రాగి 18 లక్షల టన్నులు దాటింది. అయినా తలసరి వాడకం కిలోంపావుకు కాస్త అటూ ఇటూగానే ఉంది. ప్రపంచ సగటు 3 కిలోలకు పైమాటే. ఏసీలు, సోలార్ ప్లాంట్లు, కొత్త కరెంటు లైన్లు, ఎలక్ట్రిక్ బండ్లు పెరిగేకొద్దీ ఈ అంతరం పూడుతుంది. పెట్రోలు కారులో 20 కిలోల చిల్లర రాగి ఉంటే బ్యాటరీ కారులో దాదాపు 80 కిలోలు ఉంటుంది.

ఒక్క ఫ్యాక్టరీ మూతతో దేశం లెక్కే తలకిందులైందంటే, ఆ దశ ఎంత తక్కువ మంది చేతుల్లో ఉందో తెలుస్తుంది. తీగ లాగే యూనిట్ ఒకటి మూతపడితే మార్కెట్ పట్టించుకోదు. స్మెల్టర్ కట్టాలంటే వేల కోట్లు, రేవు, పర్యావరణ అనుమతులు, ఏళ్ల సమయం కావాలి. పక్కనే సల్ఫ్యూరిక్ యాసిడ్ కొనేవాళ్లు కూడా ఉండాలి. ఎందుకంటే టన్ను రాగి తీస్తే సుమారు 3 టన్నుల యాసిడ్ పుడుతుంది. డీఏపీ లాంటి ఎరువుల తయారీకి అది అవసరం. తూత్తుకుడి ఆగినప్పుడు దక్షిణాదిలో యాసిడ్‌కు కూడా కటకట ఏర్పడింది.

రెండు శాతం పని, ఐదు శాతం సుంకం

శుద్ధ రాగి మీద, రాడ్డు మీద మామూలు దిగుమతి సుంకం 5 శాతం. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఉన్న దేశాల నుంచి వస్తే అది తగ్గుతుంది, లేదా అసలే ఉండదు. జపాన్ కాథోడ్లు ఇక్కడి మార్కెట్‌లో పెద్ద వాటా సంపాదించడానికి 2011 నాటి ఒప్పందం ఒక కారణం. ఆగ్నేయాసియా దేశాల నుంచి రాడ్డు రావడానికి ఆసియాన్ ఒప్పందం దారి వేసింది.

ఈ లోహంలో ఒక విచిత్రం ఉంది. కాథోడ్‌ను రాడ్డుగా మార్చడానికి అయ్యే ఖర్చు, మొత్తం విలువలో ఒకటి రెండు శాతానికి మించదు. మిగిలినదంతా రాగి ధరే, అది ప్రపంచమంతటా ఒకటే. టన్ను 10 వేల డాలర్లు ఉన్నప్పుడు 5 శాతం సుంకం అంటే 500 డాలర్లు. రాడ్డు తయారీదారుకు మిగిలేది అందులో చిన్న ముక్క. కాబట్టి ఈ వ్యాపారంలో ఎవరు బాగా తయారుచేస్తారన్నదాని కంటే, ఎవరి సరుకు సుంకం లేకుండా దిగుతుందన్నదే ఎక్కువ డబ్బు చేస్తుంది.

ఇండోనేసియా, మలేసియా, థాయిలాండ్, వియత్నాంల నుంచి వచ్చే రాడ్డుకు అక్కడి ప్రభుత్వాల సబ్సిడీ అందుతోందని దేశీయ ఉత్పత్తిదారులు ఫిర్యాదు చేశారు. దర్యాప్తు తర్వాత 2020 జనవరిలో కేంద్రం ఆ నాలుగు దేశాల రాడ్డుపై ఐదేళ్ల పాటు కౌంటర్‌వెయిలింగ్ సుంకం (విదేశీ సబ్సిడీకి విరుగుడుగా వేసేది) వేసింది. కంపెనీని బట్టి అది సుమారు రెండున్నర నుంచి 10 శాతం దాకా ఉంది.

గట్టు వేస్తే నీరు పల్లం వెతుక్కున్నట్టు సరుకు మరో దారి పట్టింది. 2022 మే 1న యూఏఈతో సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. రాగి రాడ్డు మీద సుంకం ఏటా కొంత తగ్గుతూ సున్నాకు చేరేలా అందులో రాసుకున్నారు. యూఏఈలో రాగి గనులు లేవు, చెప్పుకోదగ్గ స్మెల్టర్ లేదు. ఇతర దేశాల కాథోడ్ తెచ్చి రాడ్డుగా పోస్తారు. ఈ మాత్రం పనికే 'యూఏఈ సరుకు' అన్న హోదా ఇచ్చి సుంకం మినహాయించడం అన్యాయమని దేశీయ కంపెనీల వాదన. స్మెల్టర్ పెట్టిన చోట పెట్టుబడీ కాలుష్య భారమూ ఉంటాయని, రాడ్డు పోసే చోట ఆ రెండూ లేవని వారు గుర్తుచేస్తారు.

తీగ లాగే యూనిట్ల వైపు నుంచి చూస్తే బొమ్మ తిరగబడుతుంది. రాడ్డు వాళ్లకు ముడిసరుకు. పెద్ద కేబుల్ కంపెనీలు కాథోడ్ కొని సొంతంగా రాడ్డు పోసుకోగలవు. చిన్న యూనిట్ ఆ పని చేయలేదు. యూఏఈ దారి మూసేస్తే వాళ్లకు మిగిలేది రెండు మూడు దేశీయ కంపెనీల ధరే. 2025 ఫిబ్రవరిలో ఆదిత్య బిర్లా గ్రూపుకు చెందిన అల్ట్రాటెక్, ఆ మరుసటి నెలలో అదానీ గ్రూపు వైర్లు, కేబుళ్ల తయారీలోకి దిగుతున్నట్టు ప్రకటించాయి. బిర్లాకు దహేజ్‌లో, అదానీకి ముంద్రాలో రాగి ప్లాంట్లు ఉన్నాయి. అంటే రాగి అమ్మే గ్రూపులే ఇక వైరు కూడా అమ్మబోతున్నాయి. చిన్న యూనిట్ల టెన్షన్‌కు కారణం లేకపోలేదు.

రెండు వాదనల్లోనూ నిజం ఉంది. అయితే సుంకం రాయితీకి సరుకు ఎక్కడ పుట్టిందన్నదే ప్రాతిపదికైనప్పుడు, ఒకటి రెండు శాతం విలువ చేర్చిన దేశాన్ని పుట్టిల్లుగా ఒప్పుకోవడం కష్టం. ఒప్పందం కుదుర్చుకునేటప్పుడే రాగి లాంటి లోహాలకు వేరే కొలమానం పెట్టుకుని ఉండాల్సింది.

కరిగించినందుకు కూలి లేదు

స్మెల్టర్లు రక్షణ అడగడానికి ఇంకో బలమైన కారణం ఉంది. అది దేశం బయట ఉంది. గని యజమాని కాన్సన్‌ట్రేట్ అమ్మేటప్పుడు, కరిగించి శుద్ధి చేసే ఖర్చు కింద ధరలో కొంత తగ్గిస్తాడు. స్మెల్టర్‌కు అదే కూలి. ఏడాదికోసారి పెద్ద గని కంపెనీలు, చైనా స్మెల్టర్లు మాట్లాడుకుని ఒక రేటు ఖాయం చేస్తే మిగతావాళ్లు దాన్ని అనుసరిస్తారు. 2024కు ఆ రేటు టన్ను కాన్సన్‌ట్రేట్‌కు 80 డాలర్లు, పౌను రాగికి 8 సెంట్లు. రెండూ కలిపి టన్ను రాగికి సుమారు 470 డాలర్లు గిట్టేది. 2025కు అది 21.25 డాలర్లు, 2.125 సెంట్లకు పడిపోయింది. అంటే టన్నుకు 125 డాలర్లు. 2026కు కుదిరిన రేటు సున్నా.

చైనా ఒక పక్క స్మెల్టర్లు కట్టుకుంటూ పోయింది. ప్రపంచంలో శుద్ధి అయ్యే రాగిలో దాదాపు సగం ఇప్పుడు ఆ దేశానిదే. మరో పక్క గనుల ఉత్పత్తి ఆ వేగాన్ని అందుకోలేకపోయింది. 2023 చివరలో పనామా దేశ సుప్రీంకోర్టు తీర్పుతో అక్కడి కోబ్రె పనామా గని ఆగిపోయింది. 2025 సెప్టెంబరులో ఇండోనేసియాలోని గ్రాస్‌బర్గ్ గనిలో బురద ముంచెత్తింది. ఖనిజం తక్కువై కొలిమిలు ఎక్కువైతే కూలి పడిపోక తప్పదు. స్మెల్టర్లు ఇప్పుడు నడుస్తున్నవి యాసిడ్ అమ్మకం మీద, ఖనిజంలో కలిసి వచ్చే బంగారం, వెండి మీద. సొంత గనులు లేకపోయినా దశాబ్దాలుగా స్మెల్టింగ్‌తోనే నిలబడిన జపాన్‌లో కూడా కంపెనీలు ఉత్పత్తి కోతలు ప్రకటించాయి.

మన దేశంలో రాగి ఖనిజం తవ్వుతున్న సంస్థ దాదాపుగా ఒక్కటే. అది ప్రభుత్వ రంగంలోని హిందుస్థాన్ కాపర్. మధ్యప్రదేశ్‌లోని మలాంజ్‌ఖండ్, రాజస్థాన్‌లోని ఖేత్రి, ఝార్ఖండ్‌లోని ఘాట్‌శిల దాని ప్రధాన కేంద్రాలు. పల్నాడులోని అగ్నిగుండాల వైపు కూడా రాగి, సీసం నిక్షేపాలు ఉన్నాయి కానీ దేశం అవసరాల ముందు అవి లెక్కలోకి రావు. స్మెల్టర్లకు కావాల్సిన కాన్సన్‌ట్రేట్‌లో 90 శాతానికి పైగా ఓడల్లోనే వస్తోంది.

ఈ పరిస్థితిలో కేంద్రం ముడిసరుకు వైపు సుంకాలు తగ్గిస్తూ వచ్చింది. 2024 జులై బడ్జెట్‌లో రాగితో సహా 25 కీలక ఖనిజాలకు కస్టమ్స్ సుంకం ఎత్తేసింది. బ్లిస్టర్‌పై కూడా తీసేసింది. తూత్తుకుడి ఆగినా సిల్వాసాలో వేదాంతకున్న శుద్ధి కర్మాగారం కొన్న ముడిరాగితో నడుస్తోంది కాబట్టి ఇలాంటి చోట అది నేరుగా పనికొస్తుంది. అంతకుముందు ఖనిజంపై 2.5 శాతం కట్టి ఇక్కడ రాగి తీసేవాడు, రాయితీ సుంకంతో దిగే రాడ్డుతో పోటీ పడాల్సి వచ్చేది.

నాణ్యత ముద్ర

దిగుమతుల్ని అడ్డుకోవడంలో సుంకంతో కాని పని నాణ్యత నిబంధనతో చేయొచ్చు. 2024 డిసెంబరు 1 నుంచి కాథోడ్‌లకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ధ్రువీకరణ తప్పనిసరి చేసినప్పుడు వర్తకులు బొంబాయి హైకోర్టు దాకా వెళ్లారు. లండన్ ఎక్స్ఛేంజ్ గుర్తించిన గ్రేడ్-ఏ సరుకుకు మళ్లీ పరీక్షలెందుకన్నది వారి ప్రశ్న. విదేశీ ఫ్యాక్టరీని తనిఖీ చేసి లైసెన్సు ఇచ్చేసరికి నెలలు పడుతుంది. ఆ లోగా సరఫరా బిగుసుకుని ప్రీమియం పెరుగుతుంది.

నిజానికి నాణ్యత సమస్య కాథోడ్ దగ్గర కాదు, వీధి చివర షాపులో ఉంది. రాగి ధర పెరిగినప్పుడల్లా అల్యూమినియం తీగకు పైన రాగి పూత వేసిన వైరు మార్కెట్లోకి వస్తుంది. రాగితో పోలిస్తే అల్యూమినియం విద్యుత్ వాహకత 61 శాతమే. అదే లోడు పెడితే వైరు వేడెక్కుతుంది, జాయింట్ల దగ్గర వదులవుతుంది. రెండున్నర అని రాసి రెండు కూడా లేని వైరు మరో రకం. కాయిల్‌ను తూకం వేసినా చాలు, బండారం చాలావరకు బయటపడుతుంది.

పాత రాగి, పగిలిన ట్రాన్స్‌ఫార్మర్

దేశం వాడే రాగిలో మూడో వంతుకు పైగా పాత రాగి నుంచే వస్తోంది. దిగుమతి స్క్రాప్‌పై 2.5 శాతం ఉన్న సుంకాన్ని 2025 బడ్జెట్‌లో ఎత్తేశారు. తొడుగు ఒలిచేసిన, మెరిసే శుభ్రమైన తీగను బజారులో మిల్‌బెర్రీ అంటారు. దాని ధర కాథోడ్ ధరకు దగ్గరగా ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా కరిగిస్తే మంచి రాడ్డు వస్తుంది. తగరం, సీసం అంటిన కలగాపులగం తుక్కును శుద్ధి చేయకుండా నేరుగా పోస్తే తీగ వాహకత పడిపోతుంది, లాగేటప్పుడు తెగుతుంది. రాగి, అల్యూమినియం, జింకు తుక్కుకు ఉత్పత్తిదారుల బాధ్యత నిబంధనలు 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా కేంద్రం నోటిఫై చేసింది. ఆ తుక్కు శుద్ధి కర్మాగారాలకు చేరుతుందా, లేక గల్లీ కొలిమిలకే పోతుందా అన్నది అమలును బట్టి ఉంటుంది.

పాత రాగి ధరకు తెలుగు పల్లెల్లో మరో ముఖం ఉంది. బోరు మోటారు కాలిపోతే వైండింగ్ షాపులో కిలోల లెక్కన కొత్త తీగ చుట్టాలి. కాలిన తీగను షాపువాడు తూకానికి తీసుకుని బిల్లులో కోత వేస్తాడు. రాగి పెరిగితే రెండు వైపులా పెరుగుతుంది, కానీ రైతు జేబు నుంచి పోయేదే ఎక్కువ. ఇక పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పడగొట్టి, ఆయిల్ పారబోసి, రాగి కాయిళ్లు ఎత్తుకెళ్లే దొంగతనాలు ఏపీ, తెలంగాణ జిల్లా పేజీల్లో తరచూ కనిపించే వార్తే. దొంగకు దక్కేది తుక్కు ధర. డిస్కంకు పోయేది మొత్తం ట్రాన్స్‌ఫార్మర్. కొత్తది వచ్చేదాకా ఎండేది పైరు.

ముంద్రా తర్వాత

2024 మార్చిలో గుజరాత్‌లోని ముంద్రాలో అదానీ వారి కచ్ కాపర్ తొలి కాథోడ్లు పంపింది. మొదటి దశ సామర్థ్యం 5 లక్షల టన్నులు. అంటే తూత్తుకుడిలో పోయినదానికంటే ఎక్కువే. దహేజ్‌లోనూ విస్తరణ ప్రణాళికలు ఉన్నాయి. ఇవి పూర్తిగా నడిస్తే కాథోడ్ దిగుమతి బాగా తగ్గాలి. యూఏఈ రాడ్డుపై సుంకం సున్నా అయ్యే సమయం, ముంద్రా పుంజుకోవాల్సిన సమయం దాదాపు ఒకటే కావడంతో రాడ్డు మార్కెట్‌లో గట్టి పోటీ తప్పదు. స్వల్పకాలంలో చిన్న తీగ యూనిట్లకు అది మేలే. దేశీయ స్మెల్టర్లు ఒప్పందాన్ని సవరించమని మరింత గట్టిగా అడుగుతాయి.

కాథోడ్ తగ్గిన మేరకు కాన్సన్‌ట్రేట్ దిగుమతి పెరుగుతుంది. డాలర్ల లెక్కలో ఆదా అయ్యేది స్వల్పం. ఎందుకంటే కాన్సన్‌ట్రేట్‌కు కట్టే డబ్బులో దాదాపు అంతా అందులోని రాగి ధరే, పైగా కరిగించే కూలి ఇప్పుడు సున్నా. దక్కేవి ఉద్యోగాలు, యాసిడ్, బంగారం, వెండి, ఇంకా అత్యవసర సమయంలో సొంత కొలిమి ఉందన్న భరోసా. ఆ భరోసాకు ఎంత వెల కట్టాలన్నదే సుంకాల చర్చలో అసలు ప్రశ్న. దాన్ని టన్నుల్లో కొలవలేం కాబట్టే ప్రతి బడ్జెట్ ముందూ ఇరు పక్షాలు అవే వినతిపత్రాలతో ఢిల్లీ వెళ్తాయి.

ఖనిజం కోసం ప్రయత్నాలు మొదలయ్యాయి. చిలీతో సమగ్ర ఒప్పందానికి 2025 మేలో చర్చల విధివిధానాలు ఖరారయ్యాయి. జాంబియాలో 9 వేల చదరపు కిలోమీటర్లలో అన్వేషణకు భారత్‌కు అనుమతి దొరికింది. అన్వేషణ నుంచి గని దాకా రావడానికి సాధారణంగా పదేళ్ల పైనే పడుతుంది. అప్పటిదాకా దహేజ్, ముంద్రాలు చిలీ, పెరూ రేవుల్లో చైనా స్మెల్టర్లతో పోటీపడి ఖనిజం కొనాల్సిందే.